ఆటయంత్రము త్రాగెడు విద్యుత్తు



బడి సెలవులు వచ్చినంతనే ఇంటింట వినబడు ఫిర్యాదులలో నొకటి, చూచుటకు చిన్నదే యైనను తండ్రుల జేబులకును తల్లుల యోరిమికిని అంత చిన్నది కానిది, నేటి ప్రసంగమునకు విషయము. పిల్లవాని చేతిలో నిమిడెడు ఆటయంత్రమున నిన్న సాయంకాలము వేసిన క్రొత్త సెల్లులు నేటి మధ్యాహ్నమునకే చల్లారిపోవుట, వాడు బిక్కమొగము వేసికొని వచ్చుట, పెద్దవారు నకిలీ సరకు అంటగట్టెనని అంగడివానిని దూషించుట, అంగడివాడు కంపెనీవారి పేరు చెప్పి తప్పించుకొనుట, ఇదియంతయు మన మెరిగిన వ్యవహారమే. నకిలీ సెల్లులు లోకమున లేవని నే ననను. కాని యీ నేరములో నధికభాగము సెల్లుది కాదనియు, అంగడివానిది అంతకన్నను కాదనియు, ఆ యంత్రమును కల్పించినవాడు తెరవెనుక దీపము పెట్టవలెనా వలదా యని తేల్చుకొన్ననాడే మీ యింటి సెల్లుల యాయుర్దాయము చాలవరకు వ్రాయబడిపోయినదనియు నా యభిప్రాయము. దానికి సాక్ష్యము జపాను దేశమునుండి తేవలసియున్నది.

క్యోటో నగరమున పేకముక్కలు చేయుటతో 1889లో పుట్టిన నింటెండో సంస్థలో యంత్రముల మరమ్మతు చూచుకొనుటకై 1965లో చేరి, తీరికవేళ తన వినోదమునకై చేసికొన్న చాచుడుచేతి బొమ్మ యొకటి యజమాని కంటబడుటచే ఆటవస్తువుల కల్పకుడుగా మారిన గున్‌పే యొకోయి యను నింజనీరు, రైలుబండిలో విసుగు తీరుటకై కాలిక్యులేటరు మీటలు నొక్కుకొనుచున్న యొక ఉద్యోగిని చూచి, జేబులో పట్టు ఆటపెట్టె నూహించెనని చెప్పుదురు. కథ యెట్టిదైనను ఫలము మాత్రము 1980లో గేమ్ అండ్ వాచ్ అను పేర వెలువడెను. అప్పటికి కాలిక్యులేటరు కంపెనీల పోటీవలన ద్రవస్ఫటికపు తెరలు కారుచౌకగా దొరకుచుండెను. ద్రవస్ఫటికము తాను వెలుగదు. తనపై పడిన వెలుతురును పోనిచ్చుటయో, అడ్డగించుటయో మాత్రమే దాని పని. ఆ పనికి వలసిన విద్యుత్తు లెక్కలోనికి రానంత యల్పము. కావుననే చొక్కా గుండీయంతటి సెల్లులు వేసి ఆ పెట్టెతో నెలల తరబడి యాడుకొనగలిగిరి.

ఆ మితవ్యయమునే మూలసూత్రముగా గ్రహించి యతని బృందము 1989 ఏప్రిల్ 21వ తేదీన జపానులో విడుదల చేసిన గేమ్ బాయ్ చూపునకు ఏమంత సొగసైనది కాదు. బూడిదరంగు ప్లాస్టికు పెట్టె, పాచిరంగు తెర, దానిపై నాలుగే ఛాయలు. రంగులు లేవు, వెనుక దీపము లేదు. చీకటిపడిన పిదప ఆడవలెనన్నచో దీపస్తంభము క్రిందికి పోవలసినదే. అదే సంవత్సరము సెప్టెంబరులో అమెరికాలో అటారీవారి లింక్స్, మరుసటి యేడు అక్టోబరులో జపానులో సేగావారి గేమ్ గేర్, రెండును రంగుల తెరలతో, తెరవెనుక దీపముతో ధగధగలాడుచు వచ్చినవి. మూడింటిని బల్లపై వరుసగా నుంచి ఏది కావలెనని యడిగినచో ఏ పిల్లవాడును గేమ్ బాయ్‌వైపు చేయి చాపడు. ఐనను గేమ్ బాయ్‌యును, దాని తమ్ముడగు 1998 నాటి గేమ్ బాయ్ కలర్‌యును కలిసి 11 కోట్ల 80 లక్షలకు మించి యమ్ముడుపోగా, గేమ్ గేర్ కోటి దాటి యట్టే ముందునకు సాగలేదు. ఈ విజయమంతయు సెల్లుల పుణ్యమే యనుట పక్షపాతమగును. వెల తక్కువ, టెట్రిస్ వంటి ఆట తోడు, ఇవియును కారణములే. ఐనను ఆరు సెల్లుల ఖర్చు వారమునకు ఎన్నిమారులో భరించిన తండ్రి పొరుగింటివానికి గేమ్ గేర్ కొనుమని సలహా యిచ్చియుండునా?

లెక్క చూతము. మంచి ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు ఒక్కదానిలో సుమారు 3 వాట్-గంటల శక్తి నిలువయుండును. అనగా ఒక వాటు చొప్పున మూడు గంటలు ఇయ్యగలదు. గేమ్ బాయ్‌కి నాలుగు సెల్లులు. దాని వెన్నున అచ్చువేసిన వినియోగము 0.7 వాటు. 12 వాట్-గంటలను 0.7తో భాగించినచో 17 గంటలు వచ్చును. అనుభవములో నది 15 గంటల ప్రాంతమున నిలుచుట ఈ లెక్కకు దగ్గరగానే యున్నది. గేమ్ గేర్‌కు ఆరు సెల్లులు; 18 వాట్-గంటలు చేతనుండియు అది మూడు మొదలుకొని ఐదు గంటలలోపల నాగిపోవుచుండెను. ఉదారముగా నాలుగున్నర గంటలనుకొన్నను, అది యెడతెగక నాలుగు వాట్ల చొప్పున, అనగా గేమ్ బాయ్‌కంటె ఐదారు రెట్లు, లాగుచుండెనన్నమాట.

ఆ నాలుగు వాట్లును ఎటు పోయినవి? ఆటను నడుపు చిప్పునకు పోయినది కొంతయే. పెద్ద పాలు తెరవెనుక నున్న సన్నని ట్యూబులైటుది. ఆ గొట్టము వెలుగుటకు వందలకొలది వోల్టులు కావలెను. తొమ్మిది వోల్టుల సెల్లుల వరుసనుండి వానిని పుట్టించు వలయము తన వంతుగా కొంత శక్తిని వేడిగా పోగొట్టును. అట్లు శ్రమపడి పుట్టించిన వెలుతురులోను ధ్రువణ ఫలకములు సగమునకు పైగా, రంగుల వడపోతలు మిగిలినదానిలో నధికభాగము మ్రింగివేయగా, తుదకు బాలుని కంటికి చేరునది లవలేశము. ఇంకొక చిక్కును గలదు. ఇట్టి వలయములు తమకు కావలసిన శక్తిని ఎట్లైనను లాగుకొనునట్లు కట్టబడినవి. సెల్లు నీరసించి వోల్టులు తగ్గినకొలదియు అవి విద్యుత్ప్రవాహమును హెచ్చుగా తీసికొనును, ఆ హెచ్చు ప్రవాహమువలన వోల్టులు మరింత పడిపోవును. కడపటి యరగంటలో యంత్రము హఠాత్తుగా కూలుటకు హేతువిది.

యొకోయి నమ్మిన సూత్రము, క్రొత్తదనము యంత్రభాగములలో నుండనక్కరలేదు, లోకమున నలిగి నాణెమై చౌకబడిన భాగములను ఎవ్వరును తలపెట్టని పనికి వినియోగించుటలో నుండవలెననునది. గేమ్ బాయ్‌లో దీపము లేకపోవుట లోపముగా కనబడినను అది తెలిసి చేసిన త్యాగము. ఆ పొదుపు చిప్పులోపల గూడ కనబడును. తెరపై నొక చిత్రము గీయుట ముగిసి మరుచిత్రమునకు వేళ యగువరకు చేయుటకు పని లేనప్పుడు చిప్పును నిద్రపుచ్చు ఆజ్ఞ యొకటి దానికి కలదు. ఆట వ్రాయువారు దానిని వాడినచో సెకనునకు అరువదిమారులు చిప్పు కునుకు తీసి లేచును. వాడనిచో అది యూరక గిరగిర తిరుగుచు విద్యుత్తును ఖర్చుచేయును. ఒకే యంత్రములో ఒక ఆట ఆడినపుడు సెల్లులు కొంచెము హెచ్చుకాలము వచ్చుటయు, వేరొకటి ఆడినపుడు తగ్గుటయు కేవలము భ్రమ కాదు. నింటెండో సంస్థను విడిచి బయటికి వచ్చిన పిదప యొకోయి బందాయ్‌వారికై తలపెట్టిన వండర్‌స్వాన్ 1999 మార్చిలో వెలువడెను. ఒక్కటంటే ఒక్క పెన్సిల్ సెల్లుతో ముప్పది గంటల ప్రాంతము నడచిన యంత్రమది. దానిని చూచుటకు అతడు లేడు. 1997 అక్టోబరులో రహదారి ప్రమాదమున మరణించెను.

మన యూళ్లకు ఈ జపాను యంత్రములు అంతగా రాలేదు. మన జాతరలలోను, తిరునాళ్లలోను, హైదరాబాదు నుమాయిష్‌లోను పిల్లలు కొనిపించుకొన్నది చీనానుండి వచ్చిన ఇటుకల ఆట, బ్రిక్ గేమ్. ఒక్క పెట్టెలో 9999 ఆటలున్నవని దానిపై అచ్చువేసియుండును. నిజమునకు పదిపండ్రెండు ఆటలనే వేగము మార్చి, మట్టము మార్చి లెక్కించిన గణితచమత్కారమది. ఐనను సెల్లుల విషయమున దానిని తప్పుపట్టరాదు. దీపము లేని తెర, రెండు సెల్లులు, వారముల తరబడి యాట. అట్టి పెట్టెయే రెండు నాళ్లలో సెల్లులను తినివేయుచున్నచో లోపము వేరొకచోట వెదకవలెను.

మొట్టమొదట వెదకవలసినది సెల్లు జాతి. 1866లో ఫ్రాన్సు దేశీయుడు లెక్లాంచి నవాసారపు ద్రవముతో కట్టిన ఘటమును, ఇరువది సంవత్సరములకు జర్మనీలో గాస్నర్ ముద్దగా చేసి యశదపు డబ్బాలో మూసి అనార్ద్ర ఘటముగా మార్చెను. మన టార్చిలైటులలోను గోడగడియారములలోను నేటికిని వాడు చౌక సెల్లు దాని వంశమే. జపాను సహకారముతో మన నెల్లూరున తయారైన నిప్పో సెల్లులు తెలుగువారికి చిరపరిచితములు. ఈ జాతి సెల్లు మెల్లగా, ఆగియాగి యిచ్చుటలో ఘనమైనది. గబగబ నిమ్మన్నచో నిండా శక్తి యుండియు నీయలేదు. ఊటబావిలో ఏతము వేసి యెడతెగక తోడినచో అడుగు కనబడును, రాత్రికి వదలినచో తెల్లవారునప్పటికి మరల నీరు నిలుచును. ఈ సెల్లు స్థితియు నట్టిదే. లోపలి రసాయనములు యశదము కడకు చేరుటకు వ్యవధి చాలక అంతర్నిరోధము పెరుగును. ప్రక్కన పెట్టినచో కొంత కోలుకొనును. ఆల్కలైన్ సెల్లులో క్షారద్రవమును, పొడిచేసిన యశదమును ఉండుటచే ప్రవాహమునకు త్రోవ విశాలము. వెల రెట్టింపైనను, దీపముగల ఆటయంత్రమున అది రెండింతలకు మించి మన్నును గావున చౌకబేరము దానిదే. గోడగడియారమునకు మాత్రము అది వేయుట వృథావ్యయము. అంగడిలో ‘హెవీ డ్యూటీ అండీ’ యని యిచ్చునది ఆల్కలైన్ కాదు. మొదటి జాతిలోనే కొంత మెరుగైనది మాత్రమే. ఆ బిరుదము ఎవరు తగిలించిరో గాని, బరువుపనికి తగనిదానికే యది యంటుకొనినది.

సెల్లులు చచ్చినవని పిల్లలు వానిని ఎండలో పెట్టుట, పంటితో నొక్కుట, నేలకు కొట్టుట మీరు చూచియుందురు. ఎండ వలన ఫలము కలుగుట నిజమే; వెచ్చదనమునకు లోపలి చలనము వేగమై నిరోధము తగ్గును, పది నిముషముల యాట దొరకును. కాని యది క్రొత్తగా పుట్టిన శక్తి కాదు. అందులకై పలుచబడిన యశదపు డబ్బాను మరింత బాధించి రసము కార్పించుకొనుట లాభము కాదు. కొరుకుట సంగతి చెప్పనక్కరలేదు.

రెండవది, పాతదానిని క్రొత్తదానిని కలిపి వేయుట. నాలుగింటిలో మూడు క్రొత్తవి, ఒకటి ఇంకను బాగుగనే యున్నదనిపించిన పాతది; ఇది మన ఇండ్లలో పొదుపని పేరుపొందిన దుబారా. సెల్లులు వరుసగా బిగించిన చోట ప్రవాహము అన్నింటిగుండ నొక్కటే. నీరసించిన సెల్లు ముందుగా ఖాళీయై, మిగిలినవి దానిగుండ బలవంతముగా ప్రవాహమును నెట్టగా దాని ధ్రువములు తలక్రిందులై, అది మిగిలినవాని కష్టార్జితమును మ్రింగి తుదకు కారును. కావున మార్చినచో అన్నింటిని ఒకేమారు, ఒకే జాతివి, ఒకే కంపెనీవి మార్చవలెను. తీసివేసిన వానిని పారవేయనక్కరలేదు; ఆటయంత్రము త్రోసిపుచ్చిన సెల్లు టీవీ రిమోటులోను గోడగడియారములోను మరికొంతకాలము నిశ్చింతగా కాపురము చేయును.

మూడవది సెల్లు పెట్టు గూటిలోని స్ప్రింగులు. త్రుప్పు పట్టినను తెల్లని పొక్కులు కట్టినను అక్కడనే నిరోధము పుట్టి, నిండు సెల్లు సగము సెల్లువలె నగపడును. ఆల్కలైన్ సెల్లు కారి గట్టిపడిన తెల్లని పొడికి నిమ్మరసమో వినిగరో దూదిపై నద్ది తుడువవలెను. చౌక సెల్లు కారినచోట వంటసోడా నీరు. వట్టి చేతులతో ముట్టరాదు, తుడిచినది బాగుగ ఆరకుండ సెల్లులు వేయరాదు. ఆట మానివేసి బీరువాలో దాచునప్పుడు సెల్లులు తీసి దాచవలెను. ఏలయనగా నేటి బొమ్మలలో పెక్కింటికి నిజమైన స్విచ్చి లేదు, నిద్రించుచున్నట్లు కనబడుచునే యవి సన్నని ధారగా లాగుచుండును. పాత గేమ్ గేర్‌లు దాచుకొన్నవారికి వేరొక బాధ: లోపలి కెపాసిటరులు ఏండ్లు గడచి కారిపోయి తెర మసకబారుట, ధ్వని క్షీణించుట సాధారణము, దానికి ఎన్ని క్రొత్త సెల్లులు వేసినను ప్రయోజనము లేదు, టంకము పెట్టువాని కడకు పోవలసినదే.

తరచుగా ఆడు పిల్లలున్న యింట మరల మరల చార్జి చేసికొను నికెల్ మెటల్ హైడ్రైడు సెల్లులే నా సలహా. వీని వోల్టేజి 1.2 మాత్రమే గదా యని సంశయింపనక్కరలేదు. ఆల్కలైన్ సెల్లు 1.5 తో మొదలై క్రమముగా 0.9 వరకు జారును, ఇది 1.2 కడ చాలసేపు నిలుచును. గేమ్ బాయ్ వంటి యంత్రములలో సెల్లు బలము చూపు ఎర్రదీపము ఈ తేడాను గ్రహింపలేక ముందుగనే వన్నె తగ్గుటయు, చివరికి హెచ్చరిక లేకయే యారుటయు నుండును. అది తెలిసియున్న చాలును. పాతరకము ఊరక పెట్టినను కొన్ని నెలలలో చాలవరకు ఖాళీ యగుచుండెను. 2005లో సాన్యోవారు తెచ్చిన ఎనెలూప్ మొదలుకొని ఆ దోషము బహుళముగా తీరినది. మామూలు సెల్లులను మాత్రము చార్జరులో పెట్టరాదు.

ఇప్పుడు ఊరూర నమ్ముడుపోవు సప్ అను పేరుగల 400 ఆటల పెట్టెలలో పెన్సిల్ సెల్లులకు బదులు లిథియం బ్యాటరీ వచ్చినది. వెనుక మూత తీసినచో చాలమందికి పాతచుట్టమే కనబడును, నోకియా 1100 ఫోనులో వేసిన బీఎల్-5సీ ఆకారముదే. అసలు నోకియా బ్యాటరీపై 1020 మిల్లీ ఆంపియరు-గంటలని యుండెడిది; బొమ్మతో వచ్చినది అంతయు నిలుపునని నమ్మి లెక్క వేసికొనరాదు. దీనికి పరమశత్రువు వేడి. రెంటచింతల యెండలో కారులో వదలినను, చార్జి పెట్టి దిండుక్రింద ఆడినను లోపల వాయువు పుట్టి బ్యాటరీ ఉబ్బును; ఉబ్బినదానిని నొక్కరాదు, గ్రుచ్చరాదు, మరల చార్జి చేయరాదు. దీపమును ఆర్పగల సౌకర్యమున్నచో వాడుకొనుడు; 2003 నాటి గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీలో దీపమునకు వేరుగా మీట యుండెను, వెలిగించిన 10 గంటలు, ఆర్పిన 18 గంటలు అది నడచెను. నేటి చౌక బొమ్మలలో ఆ మీట కానరాకపోవుట నాకు విచారము.

చివరకు గుండీ సెల్లుల మాట. ఇది ఖర్చు విషయము కాదు గావున కొంచెము శ్రద్ధగా వినగోరుదును. 1996లో బందాయ్‌వారి తమగోచీ యను గ్రుడ్డుబొమ్మ జపానులో వెలువడినది మొదలు ఈ సెల్లుల బొమ్మలు పసిబిడ్డల చేతికి హెచ్చుగా వచ్చుచున్నవి. నాణెమువంటి 3 వోల్టుల లిథియం సెల్లును పసివాడు మ్రింగినచో, 20 మిల్లీమీటర్ల యా బిళ్ల ఆహారనాళమున తట్టుకొని, తడి తగిలి ప్రవాహము సాగి, తీక్ష్ణమైన క్షారము పుట్టి రెండు గంటలలోపలనే నాళమును కాల్చివేయగలదు. బొమ్మను నడుపలేక తీసివేసిన పాత సెల్లుకు గూడ ఈ పనికి చాలినంత సత్తువ మిగిలియుండును. కిటికీలోనో బల్లమీదనో పడవేసిన యా పాతదే ప్రమాదహేతువు. మనదేశమున 2021 జనవరి 1 నుండి ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు నిర్బంధమైనది. విద్యుత్తు బొమ్మల ప్రమాణము ఇట్టి సెల్లు గూటిమూత పనిముట్టు లేనిదే తెరువరాకుండవలెనని కోరుచున్నది. కొనునప్పుడు ఆ మూతకు మరసీల యున్నదో లేదో చూడుడు. సెల్లు మార్చిన పిదప మరసీల మరల బిగించుడు. తీసిన సెల్లునకు రెండువైపుల టేపు అంటించి పిల్లలకందని చోటనుంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థములు సేకరించువారి కీయుడు. బిడ్డ మ్రింగెనని యనుమానము కలిగినను, డోకు రప్పించు ప్రయత్నము చేయక, ఎక్స్-రే తీయు సౌకర్యమున్న ఆసుపత్రికి తత్‌క్షణమే కొనిపోయి, మ్రింగినది గుండీ సెల్లని వైద్యునకు ముందుగా చెప్పుడు.